పని–పద్ధతి: ముహూర్తం నుంచి వెనక్కి, సీడ్ నుంచి ముందుకు

పోయిన సంచికలో టెంప్లేట్ల గురించి కొద్దిగా రాశాను. పదే పదే చేసే పనిలోని మెట్లన్నీ ఒకచోట రాసి, ట్రెల్లో, అసానా వంటి సాఫ్ట్‌వేర్‌లో భద్రపరచుకోవాలి. కొత్త పని వచ్చిన ప్రతిసారీ దాని నుంచి ఒక ప్రతి తీసుకుని మొదలుపెట్టాలి. అప్పుడు రాసిన దాని సారాంశం ఇదే. దానికి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబిస్తున్నాను. నాలుగూ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవే. మొదటిది ఒంగోలులో నేను పదహారేళ్లు చేసిన పనికి సంబంధించినది కాబట్టి దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ప్రశ్న: మాది చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. నెలకు నాలుగైదు కంటైనర్ల గెలాక్సీ (బంగారు చుక్కలుండే నల్ల గ్రానైట్) స్లాబులు విదేశాలకు పంపుతాం. అసానా వాడుతున్నాం. కొత్త ఆర్డరు రాగానే పాత ఆర్డరు ప్రాజెక్టును కాపీ చేసి, కొనుగోలుదారు పేరు మారుస్తాం. పని నడుస్తూనే ఉంది. వేరుగా టెంప్లేట్ చేసుకోవడం అవసరమా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

అవసరమే. ఎందుకో నా అనుభవంతోనే చెబుతాను.

ఒంగోలులో ఒక గ్రానైట్ ఎగుమతి కార్యాలయంలో పత్రాల పని నాది. అప్పట్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్లు మాకు తెలియవు, అంతా ఎక్సెల్‌లోనే. నేనూ మీలాగే పాత ఆర్డరు షీటును కాపీ చేసి, కొనుగోలుదారు పేరు, ఆర్డరు నంబరు మార్చి యార్డుకు పంపేదాన్ని. ఒకసారి అలా పంపిన షీటులో, ‘చెక్క ఫ్రేములకు వేడి చికిత్స, ముద్ర’ అన్న వరుసకు ఎదురుగా పాత ఆర్డరు టిక్కు అలాగే ఉండిపోయింది. యార్డులో మేస్త్రి ఆ టిక్కు చూశాడు, అయిపోయిందనుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆసారి చెక్క వేరే డిపో నుంచి వచ్చిన సంగతి నాకు తెలుసు, షీటుకు తెలియదు.

కంటైనర్ లారీ వచ్చి నిలబడిన రోజు, ప్యాకింగ్ లిస్టు పట్టుకుని బండిళ్లు లెక్కపెడుతున్నాను. మామూలుగా ఫ్రేము అడ్డకర్ర మీద గోధుమ కంకి బొమ్మ, దాని పక్కన దేశం కోడ్, చికిత్స చేసిన సంస్థ నంబరు, హెచ్‌టీ అన్న అక్షరాలు కాలిన గోధుమరంగులో కనబడతాయి. మొదటి బండిల్ మీద లేదు. రెండో బండిల్‌కు అటువైపు ఉందేమోనని చుట్టూ తిరిగాను. అక్కడా లేదు. ఏడింటిలో ఒక్కదానికీ లేదు. ఎగుమతి సరుకుతో వెళ్ళే చెక్క లోపలి భాగం వరకూ 56 డిగ్రీల వేడిని కనీసం 30 నిమిషాలు ఆపకుండా అందుకోవాలని ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నిబంధన చెబుతుంది. ఆ ముద్ర లేని చెక్కను చాలా దేశాల రేవుల్లో దిగనివ్వరు. స్లాబులు మళ్ళీ విప్పి, ఫ్రేములు మార్చి కట్టేసరికి రెండు రోజులు పట్టింది. ఆ ఓడ మాకు దక్కలేదు.

పాత ప్రాజెక్టును కాపీ చేయడం మార్కాపురం పలక తుడవకుండా దానిమీదే మళ్ళీ రాయడం లాంటిది. కొత్త అక్షరం ఏదో, పాత అక్షరం ఏదో రాసినవారికి తప్ప మరొకరికి తెలియదు. టెంప్లేట్ అంటే తుడిచి పెట్టుకున్న పలక. గీతలు ఉంటాయి, అక్షరాలు ఉండవు.

మీరు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఈ మధ్య ఏ చిక్కూ లేకుండా వెళ్ళిన ఆర్డరు ఒకటి తీసుకోండి. అలాంటిదాని నుంచే మొదలుపెట్టమని ఎందుకు చెబుతున్నానంటే, కుర్చీలో కూర్చుని ఊహించి రాసిన టెంప్లేట్‌లో మనం చేయాలనుకునే పనులు ఉంటాయి, నిజంగా చేసే పనులు ఉండవు. ఆ ప్రాజెక్టును అసానాలో టెంప్లేట్‌గా భద్రపరచి, తర్వాత దాన్ని ఒక్కో వరుసా చూస్తూ శుభ్రం చేయండి. కొనుగోలుదారు పేరు, బ్లాక్ నంబర్లు, కంటైనర్ నంబరు, సీలు నంబరు, పాత వ్యాఖ్యలు, జోడించిన పాత ఇన్‌వాయిసులు అన్నీ తీసేయండి. 2 సెంటీమీటర్ల స్లాబా, 3 సెంటీమీటర్లదా అన్నది ఆర్డరును బట్టి మారుతుంది. అందుకని ‘మందం’ అని రాసి ఎదురుగా ఖాళీ వదలండి. ఖాళీ కనబడితే మనిషి నింపుతాడు. పాత అంకె కనబడితే నమ్ముతాడు.

మనుషుల పేర్లకు బదులు బాధ్యతల పేర్లు పెట్టండి. అసానా టెంప్లేట్‌లో అందుకు ఏర్పాటు ఉంది. ‘ప్యాకింగ్ మేస్త్రి’, ‘పత్రాలు చూసేవారు’, ‘కస్టమ్స్ బ్రోకరుతో మాట్లాడేవారు’ అని పెట్టుకుంటే, కొత్త ఆర్డరు మొదలుపెట్టేటప్పుడు ఆ బాధ్యత ఈసారి ఎవరిదని అడుగుతుంది. తేదీలు కూడా అంతే. ఓడకు సరుకు అందజేయాల్సిన గడువు ఒక్కటి ఇస్తే, దానికి ఇన్ని రోజుల ముందు అని మిగతా తేదీలన్నీ అదే వేసుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. టెంప్లేట్‌లో మార్పు చేస్తే అది ఆ తర్వాత మొదలయ్యే ప్రాజెక్టులకే వర్తిస్తుంది. అప్పటికే నడుస్తున్న వాటిలోకి దానంతట అది వెళ్ళదు. 2016 జూలై 1 నుంచి సరుకు నింపిన ప్రతి కంటైనర్‌కూ ధ్రువీకరించిన మొత్తం బరువు ఇస్తేనే ఓడకు ఎక్కించాలన్న నిబంధన ప్రపంచమంతటా అమలులోకి వచ్చింది. అప్పుడు మా దగ్గర మూడు ఆర్డర్లు సగంలో ఉన్నాయి. అసలు షీటులో ‘బరువు పత్రం’ అన్న వరుస చేర్చడం నిమిషం పని. ఆ మూడింటిలో ఎవరో ఒకరు కూర్చుని చేత్తో చేర్చాలి. ఆ ఎవరో ఎవరన్నది ముందే ఖాయం చేసుకోవాలి. మీ యూనిట్‌లో టెంప్లేట్‌ను మార్చే అధికారం ఒక్కరికే ఇవ్వండి. సలహా మాత్రం అందరూ చెప్పవచ్చు.

ఏ బ్లాక్ నుంచి కోసిన స్లాబులు ఒకదాని పక్కన ఒకటి నప్పుతాయి, బంగారు చుక్కలు ఎక్కడ పలచబడ్డాయి అన్నది టెంప్లేట్‌లో పెట్టాలని చూడకండి. నీళ్లు చల్లి, ఎండలో నిలబెట్టి, అనుభవమున్న కళ్లతో చూసి తేల్చాల్సిన విషయమది. ‘స్లాబులు ఎండలో పక్కపక్కన పెట్టి చూడాలి, ఎవరు చూశారో రాయాలి’ అన్నంతవరకే అక్కడ ఉండాలి.

ప్రశ్న: పన్నెండు మందితో పెళ్లిళ్లకు వంటల కాంట్రాక్టు చేస్తున్నాను. మా అమ్మాయి ట్రెల్లోలో నూట నలభై పనులతో ఒక టెంప్లేట్ బోర్డు తయారుచేసింది. ఎంతో కష్టపడి చేసింది కానీ మావాళ్లు ఎవరూ తెరవడం లేదు. పైగా ఈ మధ్య ఒక పెళ్లి ముహూర్తం పదిహేను రోజులు వెనక్కి జరిగితే, తేదీలన్నీ ఒక్కొక్కటిగా మార్చలేక విసిగిపోయాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

అమ్మా, మీ అమ్మాయి కష్టాన్ని వృథా అనకండి. ఆ నూట నలభై పనులు రాయకపోతే, ఏవి తీసేయాలో ఇప్పుడు మనకు తెలిసేది కాదు.

మీ బోర్డులో కొన్ని పనులు ఉత్తరంతో పాటు పంపారు. ‘అన్నం వండాలి’, ‘సాంబారు పెట్టాలి’ అని ఉన్నాయి. పాతికేళ్లుగా గరిటె పట్టిన మనిషికి ఆ మాట ఫోను చెప్పాల్సిన అవసరం లేదు, చెబితే మనసు చిన్నబుచ్చుకుంటాడు కూడా. చేయి తిరిగినవారు మరిచిపోని పనులు టెంప్లేట్‌కు బరువే. ఎవరైనా మరిచిపోగలిగేవి, మరిచిపోతే ఆ పూట సర్దుకోలేనివి మాత్రమే ఉంచండి. అన్నం వండడం తీసేయండి. ‘మొలగొలుకులా, మామూలు సన్నబియ్యమా: పెళ్లివారి ఇంట్లో పెద్దవారితో ఖాయం చేసుకోవాలి’ అన్నది ఉంచండి. ‘విందులో చేపల పులుసు ఉంటే శాకాహారం వండే పొయ్యిలు, గరిటెలు వేరు’ అన్నది ఉంచండి. ఇలా చూస్తే మీకు ముప్పై, ముప్పై అయిదుకు మించి మిగలవని నా అంచనా.

పని రాసే తీరు కూడా ముఖ్యం. మీ జాబితాలో ‘సామాను’ అని ఒక కార్డు ఉంది. ఆ ఒక్క మాట చదివి ఎవరూ ఏమీ చేయలేరు. పోయిన ఏడాది మీ ఊళ్ళోనే ఒక పెళ్లికి వెళ్ళాను. భోజనాలు ముగిసి, హాలువాళ్లు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. వెనకవైపు కుళాయి దగ్గర ఒక పెద్దాయన కడిగిన గరిటెలను గచ్చు మీద అయిదు అయిదుగా వరుసలు పేర్చి, వేళ్లతో తాకుతూ లెక్కపెడుతున్నాడు. చివరి వరుసలో నాలుగే ఉన్నాయి. ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళి, చారు గంగాళం మూత ఎత్తి, అడుగున మునిగిపోయిన గరిటెను తీసుకుని వచ్చాడు. నాకు టెంప్లేట్ అంటే ఆయన పేర్చిన వరుసలే గుర్తుకొస్తాయి. ఖాళీ ఎక్కడుందో చూడగానే తెలియాలి. మీ కార్డు ఇలా ఉండాలి: ‘హాలు నుంచి లారీ కదిలే ముందు గరిటెలు, మూతలు, గ్యాస్ రెగ్యులేటర్లు లెక్కపెట్టి, వరుసగా పేర్చి ఫోటో తీసి ఇక్కడ పెట్టాలి.’ ఎప్పుడు, ఏమిటి, ముగిసిందనడానికి గుర్తు ఏమిటి, మూడూ అందులో ఉన్నాయి.

ఇక ముహూర్తం మారడం గురించి. మీరు టెంప్లేట్‌లో తేదీలు రాసుకున్నారు. తేదీలు రాయకూడదు, దూరం రాయాలి. మన ఇళ్లలో పెద్దలు ఎప్పుడూ అలాగే చెప్పేవారు: ముహూర్తానికి అయిదు రోజుల ముందు పందిరి, ముందురోజు సాయంత్రం కూరగాయలు. వాళ్లు పదహారో తారీకున పందిరి అని చెప్పలేదు. మన పక్కనే ఉన్న శ్రీహరికోటలో జరిగేదీ అదే. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్–2 ప్రయోగాన్ని ఇంకా 56 నిమిషాల 24 సెకన్ల సమయం ఉందనగా ఆపేశారు. వారం తర్వాత, జూలై 22న, కౌంట్‌డౌన్ మళ్ళీ మొదలుపెట్టి జరిపి పంపారు. తేదీ మారింది. ఏ పని ప్రయోగానికి ఎంత ముందు జరగాలన్న లెక్క ఆ తేదీ మీద ఆధారపడి లేదు కాబట్టి దాన్ని కొత్తగా కూర్చుని రాయాల్సిన పని లేదు.

ట్రెల్లో కార్డు మీద వేసే గడువు మామూలుగా కేలండర్ తేదీయే. అందుకని టెంప్లేట్ కార్డుల మీద గడువు తేదీలు అసలు వేయకండి. కార్డు పేరు మొదట్లోనే ‘ము–5’, ‘ము–2’, ‘ము–1 సాయంత్రం’ అని రాయండి. జాబితాలు కూడా అదే వరుసలో పెట్టుకోండి. బోర్డును కాపీ చేసి కొత్త పెళ్లికి మొదలుపెట్టినప్పుడు, బోర్డు పేరులో ముహూర్తం తేదీ ఒక్కటి రాస్తే చాలు. ముహూర్తం మారితే మార్చాల్సింది ఆ ఒక్క తేదీనే. కార్డులకు గడువు తేదీలు తప్పకుండా కావాలనిపిస్తే, ట్రెల్లోలో బట్లర్ అనే స్వయంచాలక ఏర్పాటుతో వేయించుకోవచ్చు. మొదటి రెండు పెళ్లిళ్లకు మాత్రం అది లేకుండా చేసి చూడండి. ఇంకో మాట, బోర్డు కాపీ చేసినప్పుడు అందులోని సభ్యులు, పాత సంభాషణలు కొత్తదానిలోకి రావు. కాబట్టి ప్రతిసారీ మనుషులను చేర్చడం మీ అమ్మాయి మొదటి పని.

మీ వంటమేస్త్రి ఫోను చూడరని రాశారు. చూడనవసరం లేదు. ‘ము–1’ కార్డులు కాగితం మీద పెద్ద అక్షరాలతో ముద్రించి పొయ్యిల దగ్గర గోడకు అంటించండి. ఉదయం పని మొదలుపెట్టే ముందు ఎవరో ఒకరు గట్టిగా చదవాలి. ఆయన ఔననాలి.

ప్రశ్న: మా దుకాణంలో పనిచేసిన కుర్రాడు టెంప్లేట్లన్నీ తన సొంత ఈమెయిల్ ఖాతాతో తయారుచేశాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. మాకు ఏమీ కనబడటం లేదు.
– ఒక పాఠకుడు, నెల్లూరు ట్రంకు రోడ్డు

ముందు ఆ అబ్బాయికి మర్యాదగా ఫోను చేయండి. పని మానేసినవారితో మాట్లాడటానికి మొహమాటపడి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దుకాణం పేరుతో ఒక ఈమెయిల్ తెరిచి, దాన్ని ఆ టెంప్లేట్లున్న చోట నిర్వాహకుడిగా చేర్చమని అడగండి. అయిదు నిమిషాల పని. ఒకవేళ ఆయన దొరకకపోతే, పాత పనుల బిల్లులు, వాట్సాప్ సందేశాలు ముందు పెట్టుకుని, గడిచిన నెలలో చేసిన ఒక పనిని మళ్ళీ రాయండి. ఇకమీద ఏ టెంప్లేట్ అయినా దుకాణం ఖాతాలోనే ఉండాలి, ఇద్దరికి దాని తాళం ఉండాలి.

ప్రశ్న: నాకు మూడు రొయ్యల గుంటలు ఉన్నాయి, వనామీ రకం వేస్తున్నాను. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి పోయిన పంట లెక్కలు చూసి, సీడ్ (రొయ్యపిల్లలు) వేసిన రోజు నుంచి ఏ రోజు ఎన్ని కిలోల మేత, ఏ రోజు ఏ మందు అన్నది పనులు గుర్తుచేసే టూడూయిస్ట్‌లో టెంప్లేట్‌గా పెట్టాడు. మొదటి పంట బాగుంది. రెండో పంటలో దాన్నే నమ్మి మేత వేస్తే అడుగున మేత మిగిలి నీళ్లు పాడయ్యాయి. వ్యవసాయానికి ఇవి పనికిరావా?
– ఒక రైతు, విడవలూరు

మీ నష్టం గురించి చదివి బాధపడ్డాను. మీ అబ్బాయి ఉద్దేశం మంచిది, లెక్క కూడా శ్రద్ధగా వేశాడు. పొరపాటు ఒక్కచోటే జరిగింది. మీరు కళ్లతో చూసి తేల్చే విషయాన్ని తేదీకి కట్టేశాడు.

మీ గుంటల దగ్గర మూడు రకాల కాలాలు నడుస్తాయి. మూడింటినీ ఒకే టెంప్లేట్‌లో కలిపితే చిక్కే.

మొదటిది, సీడ్ వేసిన రోజు నుంచి ముందుకు నడిచే లెక్క. పెళ్లికి ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెడితే, మీకు సీడ్ నుంచి ముందుకు. ‘కల్చర్ ఎన్నో రోజు’ అని మీరందరూ రోజూ అనుకునే మాటే అది. సీడ్‌కు ముందు గుంట ఎండబెట్టడం, దున్నడం, సున్నం, నీళ్లు వడకట్టి పెట్టుకోవడం, హేచరీ నుంచి తెచ్చే సీడ్‌కు వ్యాధులు ఉన్నాయేమో చూసే పీసీఆర్ పరీక్ష, సంచుల్లోని పిల్లలను గుంట నీటి ఉప్పదనానికి నెమ్మదిగా అలవాటు చేయడం వంటివి టెంప్లేట్‌కు చక్కగా సరిపోతాయి. ఇవి ప్రతి పంటకూ వచ్చేవే. తొందరలో ఒకటి దాటేస్తే పంటంతా దాని ఫలితం అనుభవించాలి. తొలి నెలలో రొయ్యపిల్లలు చెక్ ట్రేలోకి (మేత ఎంత తిన్నాయో చూడటానికి గుంటలో దించే పళ్లెం) సరిగా రావు కాబట్టి, అప్పటి మేతకు ఒక పట్టిక ఉండటం కూడా సబబే.

రెండోది, గుంట చెప్పే లెక్క. పిల్లలు ట్రేకు రావడం మొదలైన తర్వాత మేత ఎంతన్నది చెక్ ట్రే చెబుతుంది, పోయిన పంట చెప్పదు. బతికిన పిల్లల శాతం వేరు, ఎండ వేరు, నీళ్లు వేరు. కాబట్టి ‘35వ రోజు, ఇన్ని కిలోలు’ అన్న వరుసను మీ టెంప్లేట్ నుంచి ఈరోజే తీసేయమని అబ్బాయికి చెప్పండి. దాని స్థానంలో ఇలా రాయించండి: ‘మేత వేసిన రెండు గంటలకు ట్రే ఎత్తాలి. మిగిలిందా, ఖాళీయా, రొయ్య పేగు నిండిందా అని చూసి రాయాలి. తర్వాతి మేత దాన్నిబట్టి.’ అలాగే రాత్రి ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) సంగతి. నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గేది తెల్లవారే ముందు. ‘తెల్లవారుజామున నాలుగింటికి గుంట చుట్టూ టార్చితో తిరిగి, రొయ్యలు పైకి తేలుతున్నాయా చూడాలి’ అన్నది రోజూ వచ్చే పనిగా పెట్టండి. చూడమని గుర్తుచేయడమే ఫోను పని. చూసి నిర్ణయించడం మీది.

మూడోది, ఆకాశం లెక్క. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రొయ్యలు ఎక్కువగా పొర విడుస్తాయని, అప్పుడు మేత తగ్గించాలని మీకు ఒకరు చెప్పనవసరం లేదు. ఆ తిథులు కల్చర్ పదో రోజునా వస్తాయి, పదిహేనో రోజునా వస్తాయి, సీడ్ ఎప్పుడు వేశారన్నదాన్ని బట్టి మారతాయి. పోయిన పంట రోజుల సంఖ్యను కొత్త పంటకు కాపీ చేస్తే పొర విడిచే రోజున నిండు మేత పడుతుంది. మీ రెండో పంటలో ఇది కూడా జరిగి ఉండవచ్చని నా అనుమానం. రెండు పంటల సీడ్ తేదీలు పంచాంగం పక్కన పెట్టి చూడండి. ఈశాన్య రుతుపవనాల వానలు కూడా ఈ కోవలోవే. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఒక్క రాత్రి వానకు గుంటలో ఉప్పదనం పడిపోతుంది. ఇవి టెంప్లేట్‌లో కాదు, గుంటలన్నిటికీ కలిపి వేరే ఒక జాబితాలో, అసలు తేదీలతో ఉండాలి. పంచాంగం చూసి ఏడాదికి ఒకసారి నింపుకుంటే చాలు.

అబ్బాయి దూరంగా ఉన్నాడు కాబట్టి ఇంకొక ఏర్పాటు చేసుకోండి. రొయ్యల పట్టుబడి అయి, లారీ వెళ్ళిపోయిన రోజు సాయంత్రమే అతనికి ఫోను చేయండి. డబ్బు లెక్కలు మర్నాడు చూసుకోవచ్చు. ఆ సాయంత్రం టెంప్లేట్‌ను మొదటి వరుస నుంచి అతను చదవాలి, మీరు ఔను, కాదు, ఇక్కడ ఇది జరిగింది అని చెప్పాలి. మీరు ఆ రోజు చెప్పినది వారం తర్వాత మీకే గుర్తుండదు. మూడు గుంటల్లో రెండో గుంట మిగతావాటికంటే లోతు తక్కువని ఉత్తరం చివర్లో రాశారు. ఆ గుంటకు వేరే టెంప్లేట్ చేయమని చెప్పండి. సీడ్‌కు ముందు నీటిమట్టం కొలవడం దాని మొదటి వరుసగా ఉండాలి.